సక్సెస్ పాఠాలు చెప్పే తండ్రిని జోకర్ కాకుండా రాయడం: ‘లిటిల్ మిస్ సన్‌షైన్’ స్క్రిప్టు విప్పి చూస్తే

ప్రశ్న క్లుప్తంగా: “విజయం సాధించడం ఎలా అని క్లాసులు చెప్పే తండ్రి, లోపల్లోపల విడిపోయిన కుటుంబం. దీని మీద కామెడీ స్క్రిప్టు రాస్తున్నాను. చదివినవాళ్ళు తండ్రి జోకర్‌లా ఉన్నాడనీ, మిగతావాళ్ళు ఊరికే అరుచుకుంటున్నారనీ అంటున్నారు. ‘లిటిల్ మిస్ సన్‌షైన్’లో ఇదే సరుకు అంత బాగా ఎలా పండింది? నా దగ్గర ఎందుకు పండట్లేదు?”

మీ స్క్రిప్టు చూడకుండానే ఒకటి చెప్పొచ్చు. ఆ రెండు ఫిర్యాదులకీ మూలం ఒకటే. మీ కథలో తండ్రి సిద్ధాంతం వెక్కిరించడానికి మాత్రమే ఉంది, కథ నడపడానికి లేదు. ఆ సినిమాలో గెలుపు ఓటముల సిద్ధాంతం ఇంట్లో చెలామణీ అయ్యే డబ్బు లాంటిది. ఆరుగురూ దాంట్లోనే లెక్కలు చూసుకుంటారు, ఒకరికొకరు దాంట్లోనే బాకీ పడతారు. తండ్రి ఒక్కడే దాన్ని బయటికి అంటాడు, అంతే తేడా.

సినిమా చూసి చాలా రోజులైనవాళ్ళ కోసం కాస్త నేపథ్యం. ఏడేళ్ళ కూతురు ఆలివ్‌ని చిన్నపిల్లల అందాల పోటీకి ఇంటిల్లిపాదీ ఒక పాత వ్యాన్లో తీసుకెళ్ళే కథ ఇది. మైకేల్ ఆర్న్‌ట్ 2000లో మూడు రోజుల్లో మొదటి డ్రాఫ్టు రాశాడు, తర్వాత చాలాకాలం తిరగరాశాడు. మొదట్లో ప్రయాణం మేరీలాండ్ నుంచి ఫ్లోరిడాకి. బడ్జెట్ కోసం దాన్ని న్యూమెక్సికోలోని ఆల్బకర్కీ నుంచి కాలిఫోర్నియాలోని రెడోండో బీచ్‌కి మార్చారు. మ్యూజిక్ వీడియోలు తీసే భార్యాభర్తలు జొనాథన్ డేటన్, వాలరీ ఫారిస్‌లకి ఇదే మొదటి ఫీచర్ సినిమా. సుమారు 80 లక్షల డాలర్ల బడ్జెట్‌తో 30 రోజుల్లో తీశారు. 2006 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో వేస్తే ఫాక్స్ సెర్చ్‌లైట్ అనే పంపిణీ సంస్థ 1 కోటి 5 లక్షల డాలర్లకి కొనుక్కుంది. ఆర్న్‌ట్‌కి ఒరిజినల్ స్క్రీన్‌ప్లే ఆస్కార్, తాత పాత్ర వేసిన ఎలన్ ఆర్కిన్‌కి సహాయ నటుడి ఆస్కార్ వచ్చాయి. రాసినప్పటి నుంచి తెర మీదికి రావడానికి ఆరేళ్ళు పట్టిందన్నది కూడా గుర్తుంచుకోండి, మీ డ్రాఫ్టు మీద ఇప్పుడే ఆశ వదులుకోనక్కర్లేదు.

ముందు తండ్రి సంగతి. రిచర్డ్ హూవర్ (గ్రెగ్ కినియర్) దగ్గర తొమ్మిది మెట్ల కార్యక్రమం ఒకటుంది. మొదటిసారి అతను కనిపించేటప్పుడు స్లైడ్లు వేసి, ధాటీగా, నమ్మకంగా మాట్లాడుతుంటాడు. ప్రసంగం మంచి ఊపులో ముగుస్తుంది. లైట్లు వెలుగుతాయి. అదొక క్లాసురూము, వినేవాళ్ళు గుప్పెడు మంది, చప్పట్లు పొడిపొడిగా వినిపిస్తాయి. ఈ వరస గమనించండి. ముందు అతని ప్రతిభ చూపించి, ఆ తర్వాతే ఖాళీ గది చూపించారు. చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు: మొదట ఖాళీ కుర్చీలు, మైకు కీచుమనడం, ఆ తర్వాత తడబడే వక్త. అలా చేస్తే ప్రేక్షకుడు మొదటి క్షణమే అతన్ని పక్కన పెట్టేస్తాడు, ఇక మిగతా గంటన్నరా అతని గురించి పట్టించుకోడు. రిచర్డ్‌కి మాట్లాడటం వచ్చు. ఆ మాటలు కొనేవాళ్ళే లేరు. ఈ రెండింటికీ మధ్య ఉన్న దూరమే అతని పాత్ర.

రెండోది, అతను అబద్ధం చెప్పడు. జనాన్ని ముంచే మోసగాడైతే ఇది వేరే సినిమా అయ్యేది. అతను తన సిద్ధాంతాన్ని నమ్మి ఇంటి డబ్బంతా దాంట్లో పెట్టాడు. పుస్తకం ఒప్పందం కుదురుస్తానన్న స్టాన్ గ్రాస్‌మన్ (బ్రయన్ క్రాన్‌స్టన్) ఫోను కోసం ఎదురుచూస్తున్నాడు. భార్య షెరిల్ (టోనీ కొలెట్) ఓపిక అడుగంటుతోంది. అంటే అతని నమ్మకానికి అప్పటికే ఒక ఖరీదు ఉంది, ఆ ఖరీదు ఇంటిల్లిపాదీ కడుతున్నారు. మీ తండ్రి పాత్రని ఈ ప్రశ్నతో పరీక్షించండి: ఇతను రేపు పొద్దున ఆ క్లాసులు మానేస్తే ఎవరికి ఎంత నష్టం, ఎంత లాభం? దీనికి అంకెల్లో జవాబు లేకపోతే ఆ సిద్ధాంతం ఇంకా పాత్ర ఒంటికి పట్టలేదన్నమాటే.

ఇప్పుడు మిగతా ఐదుగురు. మీ స్క్రిప్టులో వాళ్ళు ‘ఊరికే అరుచుకుంటున్నారు’ అంటే, వాళ్ళకి తండ్రి సిద్ధాంతంతో సంబంధం లేని వేరే వేరే బాధలు ఇచ్చి ఉంటారు. ఈ సినిమాలో ప్రతివాళ్ళ బాధా అదే గెలుపు ఓటముల నిచ్చెన మీద ఉంది. షెరిల్ తమ్ముడో అన్నో, మొత్తానికి తోబుట్టువు ఫ్రాంక్ (స్టీవ్ కరెల్). అమెరికాలో ఫ్రెంచి నవలాకారుడు మార్సెల్ ప్రూస్ట్ మీద తనే నంబర్ వన్ పండితుణ్ణని చెప్పుకుంటాడు. అతను ప్రేమించిన విద్యార్థి అతన్ని కాదని ప్రత్యర్థి పండితుడికి దగ్గరయ్యాడు, ఆ ప్రత్యర్థికే మెకార్థర్ ‘జీనియస్’ గ్రాంటు కూడా వచ్చింది. ఫ్రాంక్ ఆత్మహత్యకి ప్రయత్నించి మణికట్లకి కట్లతో ఇంటికి వస్తాడు. అంటే అతను రిచర్డ్‌ని ఎంత ఈసడించుకున్నా, పోటీలో రెండో స్థానం భరించలేనివాడే. షెరిల్ మొదటి పెళ్ళి కొడుకు డ్వేన్ (పాల్ డానో) జర్మన్ తత్వవేత్త నీచే ప్రభావంతో, ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో చేరేదాకా మాట్లాడనని మౌనవ్రతం పట్టి తొమ్మిది నెలలయింది. తొమ్మిది మెట్లకీ ఈ వ్రతానికీ తేడా ఏముంది? క్రమశిక్షణ, లక్ష్యం, క్యాలెండర్ మీద గీతలు. సవతి తండ్రిని అసహ్యించుకుంటూనే వాడు ఆయన ఉత్తమ శిష్యుడు. ఈ మాట సినిమాలో ఎవరూ అనరు.

రిచర్డ్ తండ్రి, అంటే తాత ఎడ్విన్, హెరాయిన్ పీలుస్తూ దొరికిపోయి వృద్ధాశ్రమం నుంచి గెంటించుకున్నవాడు. నిచ్చెన దిగిపోయిన మనిషి ఆయనొక్కడే, అందుకే ఏదైనా అనగలడు. ఏడేళ్ళ ఆలివ్ (ఎబిగేల్ బ్రెస్లిన్) మిస్ అమెరికా టేపును వెనక్కి తిప్పి తిప్పి చూస్తూ, కిరీటం వచ్చిన క్షణంలో గెలిచినామె మొహం ఎలా పెట్టిందో అలా తన మొహం పెట్టి సాధన చేస్తుంటుంది. సినిమా మొదలయ్యేదే ఆ పిల్ల కళ్ళద్దాలతో. షెరిల్‌ది వేరే దారి. ఇంట్లో నిజాయితీ ఉండాలంటుంది, ఫోనులో సిగరెట్ తాగట్లేదని చెబుతూ తాగుతుంది. ఆమెకి పెద్ద సిద్ధాంతం ఇవ్వకపోవడం నాకు సబబుగానే అనిపిస్తుంది, అందరూ ఏదో ఒకటి నమ్మే ఇంట్లో బండి నడిపించేవాళ్ళు ఒకరుండాలి కదా.

భోజనాల సీనుని కాగితం మీద రాసుకుని విడదీసి చూడండి. కాగితం ప్లేట్లు, కొనుక్కొచ్చిన వేయించిన చికెన్. ఆలివ్ ఫ్రాంక్ కట్లు చూసి ఏమైందని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న టేబుల్ చుట్టూ ఉన్న ప్రతివాళ్ళనీ ఒక పక్షం తీసుకునేలా చేస్తుంది. పిల్లకి నిజం చెప్పాలని షెరిల్, వద్దని రిచర్డ్, తీరిగ్గా చెప్పేది ఫ్రాంక్, చికెన్ మీద సణిగేది తాత, పుస్తకంలో రాసి చూపించేది డ్వేన్. ఫ్రాంక్ కథ పూర్తవగానే రిచర్డ్ దాంట్లోంచి గెలిచేవాళ్ళ పాఠం పిండి పిల్లకి చెబుతాడు. ఎదురుగా చావు అంచు నుంచి తిరిగొచ్చిన మనిషి కూర్చుని ఉన్నాడు. ఇక్కడ నవ్వు వస్తుంది, ఒళ్ళు మండుతుంది కూడా. ఈ సీనులో గొడవకి విషయం ఒక్కటే ఉంది, అడిగేది ఒక్క పిల్ల, అందుకే ఆరు గొంతులు ఉన్నా గందరగోళం లేదు. మీ భోజనాల సీనులో ఎన్ని విషయాలు నడుస్తున్నాయో లెక్కపెట్టండి. రెండు దాటితే ఒకటి తీసి తర్వాతి సీనులోకి పంపండి.

అదే సీను చివర్లో ఫోను సందేశం వినిపిస్తుంది. ప్రాంతీయ పోటీలో గెలిచిన అమ్మాయి డైట్ మాత్రల గొడవలో కిరీటం వదులుకుంది, రెండో స్థానంలో ఉన్న ఆలివ్‌కి ‘లిటిల్ మిస్ సన్‌షైన్’ ఫైనల్‌లో చోటు వచ్చింది. అదృష్టమనేది ఓడినవాళ్ళు చెప్పుకునే సాకు అని నమ్మే మనిషి ఇంటికి కథ మొత్తం అదృష్టం రూపంలోనే వచ్చింది! రిచర్డ్ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వు గెలుస్తావా అని అడుగుతాడు. గెలుస్తానంటుంది. అయితే పదండి అంటాడు. నా దృష్టిలో స్క్రిప్టుకి కీలు ఇది. పోటీకి తీసుకెళ్ళడమన్నది ప్రేమతో చేసే పని కాస్తా షరతు మీద జరిగే ఒప్పందం అయిపోయింది, సంతకం పెట్టింది ఏడేళ్ళ పిల్ల. ఇక్కణ్ణించి ప్రతి మైలూ ఆ షరతుని గుర్తుచేస్తుంది.

ఇక్కడే చాలా స్క్రిప్టులు జారిపడే ఇంకో చోటు ఉంది: అందరూ ఎందుకు వెళ్ళాలి? ‘కుటుంబమంతా కలిసి బయల్దేరారు’ అని రాసేస్తే సరిపోదు. ఒకరినొకరు భరించలేనివాళ్ళు 800 మైళ్ళు ఒకే బండిలో కూర్చోవాలంటే ఒక్కొక్కరికీ తప్పించుకోలేని కారణం కావాలి. ఆర్న్‌ట్ వీటిని ఎంత గట్టిగా బిగించాడో చూడండి. విమానానికి డబ్బుల్లేవు. అందరూ పట్టే బండి పాత ఫోక్స్‌వ్యాగన్ మైక్రోబస్సు, దానికి చేత్తో మార్చే గేర్లు, షెరిల్‌కి గేర్ల బండి రాదు, కాబట్టి రిచర్డ్ రావాలి. డాన్సు నేర్పింది తాత, కాబట్టి ఆయన రావాలి. ఫ్రాంక్‌ని ఒంటరిగా వదలొద్దని ఆస్పత్రి చెప్పింది. డ్వేన్ మీద అతన్ని వదిలి వెళ్ళలేరు. డ్వేన్ రానంటే, విమానం నడపడం నేర్చుకునే బడికి అనుమతి ఇస్తానని షెరిల్ బేరం పెడుతుంది. ఈ కారణాల్లో ఏ ఒక్కటి తీసేసినా ఒక మనిషి ఇంట్లో ఉండిపోతాడు. ఇదంతా ఒక చిన్న వాగ్వాదంలో, నవ్వుతూ వింటుండగానే అయిపోతుంది. వివరణ ఇస్తున్నారని అనిపించదు, ఎందుకంటే ప్రతి కారణమూ ఒకరి తప్పించుకునే ప్రయత్నానికి జవాబుగా వస్తుంది.

వ్యాను గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, కామెడీ యంత్రం అంతా దాంట్లోనే ఉంది. షెరిల్ నడపబోతే క్లచ్ పోతుంది. వారాంతం, విడిభాగం వెంటనే దొరకదు. మెకానిక్ చెప్పేది నిజమైన మెకానికల్ సంగతే: క్లచ్ తప్పనిసరిగా కావలసింది నిలబడ్డ బండిని కదిలించేటప్పుడు, కింది గేర్లలో. బండి ఒకసారి వేగం అందుకుంటే మూడు నుంచి నాలుగులోకి క్లచ్ లేకుండా మార్చొచ్చు. అందుకని వాలులో ఆపుకోవాలి, లేదా అందరూ కలిసి తొయ్యాలి, వేగం రాగానే మూడో గేరులో ఇంజన్ అందుకోవాలి, తోసినవాళ్ళు పక్క తలుపులోంచి ఒక్కొక్కరే పరిగెత్తి ఎక్కాలి. ఈ ఒక్క లోపంతో రచయితకి ఏమేం దొరికాయో చూడండి. ఆగిన ప్రతిసారీ అందరూ కలిసి పనిచేయక తప్పదు. ఎవరూ అలిగి బండిలో కూర్చోలేరు. ‘కుటుంబం ఏకమవుతోంది’ అనే డైలాగు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయితే ఒకే గ్యాగ్‌ని, అంటే నవ్వించే చిట్కాని, నాలుగైదుసార్లు వాడాలంటే ప్రతిసారీ దాని అర్థం మారాలి. మొదటిసారి తోయడం అవమానం, ఆయాసం, చివరికి ఎక్కేశాక చిన్న సంబరం. పెట్రోలు బంకు దగ్గర ఎవరి గొడవలో వాళ్ళుండి ఆలివ్‌ని వదిలేసి వెళ్ళిపోతారు, తిరిగొచ్చి బండి ఆపకుండానే పిల్లని లాక్కుంటారు. అదే యంత్రం ఇప్పుడు నిర్లక్ష్యానికి రుజువు. తర్వాత హారన్ ఇరుక్కుపోయి దానంతటదే మోగుతుంటుంది, సరిగ్గా దానివల్లే పోలీసు ఆపుతాడు, అదీ బండిలో శవం ఉన్నప్పుడు. చివరిసారి, పోటీ తర్వాత, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే తోస్తారు. మీ కథలో ఇలాంటి వస్తువు ఉంటే పక్కన ఒక కాగితం పెట్టుకుని ప్రతిసారికీ ఒక్క మాట రాయండి: అవమానం, నిర్లక్ష్యం, ప్రమాదం, అలవాటు. ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి కొట్టేయండి. చిత్రీకరణకి అవసరమై ఒకేలా ఉండే వ్యాన్లు ఐదు వాడారు. మీకు ఒక్కటే దొరికేట్టయితే పాడయ్యే భాగాలు తగ్గించుకోండి.

తండ్రి సిద్ధాంతం ఎవరినైనా గాయపరిచేది ఎక్కడ? హోటల్లో. ఆలివ్ వాఫిల్‌తో ఐస్‌క్రీం చెప్పుకుంటుంది. రిచర్డ్ ఎంతో మెత్తగా, టీచరు పాఠం చెప్పినట్టు, ఐస్‌క్రీం మీగడతో చేస్తారనీ, మీగడలో కొవ్వు ఉంటుందనీ, ఆ కొవ్వు ఒంటికి పడుతుందనీ చెబుతాడు. తర్వాత మిస్ అమెరికాలు సన్నగా ఉంటారా లావుగా ఉంటారా అని అడుగుతాడు. గొంతు పెంచడు. నిజంగా మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. ఐస్‌క్రీం వచ్చాక పిల్ల ముట్టుకోదు. అప్పుడు తాత, డ్వేన్, ఫ్రాంక్, షెరిల్ తలో చెంచా తీసుకుని ఎంత బాగుందో అన్నట్టు తినడం మొదలుపెడతారు. పిల్ల ఆగలేక కలుస్తుంది. ఇల్లు మొదటిసారి ఏకమైంది తండ్రికి వ్యతిరేకంగా. అతను ఏమీ అనలేడు. చాలా స్క్రిప్టుల్లో ఈ చోట తల్లి లేచి ‘పిల్లతో అలా మాట్లాడతావా’ అని నాలుగు పంక్తులు అందుకుంటుంది. ఇక్కడ చెంచాలతో ఆ పని అయిపోయింది. పైగా ఆ ఐస్‌క్రీం అక్కడితో ఆగదు. పోటీ దగ్గర మిస్ కాలిఫోర్నియాని ఆలివ్ అడిగేది, మీరు ఐస్‌క్రీం తింటారా అని. తింటానంటుంది. రిచర్డ్ పాఠాన్ని కొట్టేసింది అతని సొంత ప్రమాణమే.

వస్తువుని నాటి తర్వాత వాడుకోవడంలో ఇంకా గట్టి ఉదాహరణ అశ్లీల పత్రికలు. బంకు దగ్గర తాత డబ్బులిచ్చి తనకి కొనుక్కురమ్మని ఫ్రాంక్‌ని పంపుతాడు. ఫ్రాంక్ కౌంటరు దగ్గర అవి చేతిలో పెట్టుకుని నిలబడ్డప్పుడే తనని కాదన్న ఆ విద్యార్థి ఎదురవుతాడు, బయట కారులో ప్రత్యర్థి కూడా ఉన్నాడు. ఇది ఒక వాడకం, అవమానం. తాత పోయాక, పోలీసు డిక్కీ తెరిచినప్పుడు ఆ పత్రికలే కింద పడతాయి. పోలీసు వాటిని చూసి మురిసిపోయి, దుప్పటి కింద ఏముందో చూడకుండానే వదిలేస్తాడు. తాత చచ్చి కూడా కుటుంబాన్ని కాపాడాడు. మొదటి వాడకమే ఒక పూర్తి సీను కాబట్టి ఇంకో దానికోసం నాటుతున్నారని ప్రేక్షకుడికి తట్టదు. పోలీసు సీను కోసమే పత్రికలు కొనిపించి ఉంటే ఎవరైనా పసిగట్టేవారు. మీరు ఏదైనా వస్తువు నాటేటప్పుడు అది అక్కడికక్కడే ఏదో ఒక పని చేసి తీరాలి.

ఇక కామెడీలో చావు. పుస్తకం అమ్ముడుపోలేదని రిచర్డ్‌కి తెలిశాక, అతనెప్పుడూ విసుక్కునే ఆ తండ్రే, నువ్వు ధైర్యం చేసి ప్రయత్నించావు, నాకు గర్వంగా ఉందని అంటాడు. రాత్రి మోటెల్‌లో, నాన్నకి ఓడిపోయేవాళ్ళంటే అసహ్యమని ఆలివ్ ఏడిస్తే, ఓడిపోతామన్న భయంతో ప్రయత్నించనివాళ్ళే అసలు ఓడినవాళ్ళని తాత చెబుతాడు. ఒకే మనిషి కొడుక్కీ మనవరాలికీ చెప్పిన మాట ఒకటే. ఆ రాత్రే రిచర్డ్ మోపెడ్ మీద స్కాట్స్‌డేల్ వెళ్ళి స్టాన్‌ని నిలదీస్తాడు, ఒప్పందం పోయిందనే మాట మొహం మీద వింటాడు. తెల్లారేసరికి తాత లేడు. తాత చేయవలసిన పనులన్నీ పూర్తయ్యాకే స్క్రిప్టు ఆయన్ని తీసేసింది, డాన్సు కూడా నేర్పడం అయిపోయింది. ముందే చంపి ఉంటే విషాదం మిగిలేది, తర్వాత చంపితే కథకి అడ్డు వచ్చేది.

ఆస్పత్రి సీనులో నవ్వు మృతుడి మీద లేదు, ఫారాల మీద ఉంది. రాష్ట్రం దాటించాలంటే అనుమతి కావాలి, సంతకాలు కావాలి, సమయం లేదు. రిచర్డ్ శవాన్ని కిటికీలోంచి దింపి వ్యాన్లో పెడదామంటాడు. ఇక్కడ నా వాదనకి గట్టి ఆధారం ఉంది. గెలిచేవాళ్ళు మధ్యలో వదిలేయరన్న అదే సిద్ధాంతాన్ని అతను ఇక్కడా వాడతాడు. కానీ ఈసారి దాంతో కొంటున్నది వేరే సరుకు. పుస్తకం పోయింది, లాభం లేదు, ఎదురుగా మిగిలింది కూతురి పోటీ ఒక్కటే. అతను మారాడని ఎవరూ ప్రకటించరు. మాట అదే ఉండి మాట వెనక ఉద్దేశం మారింది. పాత్ర మార్పుని ఇలా రాయగలిగితే క్షమాపణ ప్రసంగం అవసరం రాదు. అదే గదిలో ఇంకో చిన్న సంగతి: మాట్లాడని డ్వేన్ ఆలివ్‌కి పుస్తకంలో రాసి చూపిస్తాడు, వెళ్ళి అమ్మని వాటేసుకో అని. మాట్లాడని పాత్ర ఉంటే ఇదీ లాభం. రాయడానికి సమయం పడుతుంది కాబట్టి రాసిన ప్రతిదీ బరువుగా ఉండాలి, రచయితకి వేరే దారి లేదు.

డ్వేన్ కూలిపోయే సీనులో ఒక మెళకువ ఉంది. ఆస్పత్రి నుంచి తెచ్చిన కంటి పరీక్ష పటంతో ఆలివ్ ఆడుకుంటుంటే, వృత్తంలో ఉన్న అక్షరం డ్వేన్‌కి కనపడట్లేదని తేలుతుంది. వర్ణాంధత్వం ఉంటే జెట్ విమానాలు నడపనివ్వరని ఫ్రాంక్ నెమ్మదిగా చెబుతాడు. వాడు బండి ఆపించి, కిందకి పరిగెత్తి, తొమ్మిది నెలల తర్వాత నోరు తెరిచి అరుస్తాడు. ఇంట్లోవాళ్ళని ఏమంటాడు? విడాకులు, దివాలా, ఆత్మహత్య అని లెక్కపెట్టి, చివరికి రిచర్డ్ వాడే ఓటమి మాటే విసురుతాడు. సిద్ధాంతం ఆ పిల్లాడి రక్తంలోకి ఎంత దిగిందో అప్పుడు తెలుస్తుంది. షెరిల్ మాటలతో ప్రయత్నించి ఓడిపోతుంది. ఆలివ్ దిగొచ్చి, ఏమీ అనకుండా, పక్కన కూర్చుని భుజం మీద తల ఆనిస్తుంది. వాడు లేస్తాడు. మీ స్క్రిప్టులో ఇలాంటి చోట ఓదార్చే పాత్రకి మాటలుంటే ఒకసారి అవన్నీ తీసేసి చదవండి, సీను నిలబడితే అలాగే ఉంచేయండి.

క్లైమాక్స్ గురించి ఆర్న్‌ట్ తర్వాత వివరంగా చెప్పాడు. బయటి లక్ష్యం, లోపలి కోరిక, కథ నడిచే విలువల తగాదా, ఈ మూడూ ముగింపులో తక్కువ వ్యవధిలో, ఒకదాని వెనక ఒకటి తేలాలన్నది ఆయన లెక్క. ఈ సినిమాలో ఆ విలువల తగాదాని మాటల్లో ముందే తేల్చేశారు, అదీ స్టేజీకి దూరంగా. సముద్రం మీది వంతెన దగ్గర ఫ్రాంక్ డ్వేన్‌కి ప్రూస్ట్ గురించి చెబుతాడు: జీవితమంతా ఓడినట్టే కనిపించి, ఆఖర్న వెనక్కి చూసుకుంటే కష్టపడ్డ సంవత్సరాలే తనని తయారుచేశాయని అనుకున్న మనిషి. అందాల పోటీలు జీవితమంతా ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయని డ్వేన్ అంటాడు. ఉపన్యాసం అక్కడ అయిపోయింది కాబట్టి స్టేజీ మీద ఎవరూ వాదించక్కర్లేదు, పనులు మాత్రమే మిగిలాయి.

పోటీకి నాలుగు నిమిషాలు ఆలస్యమైతే నిర్వాహకురాలు చేర్చుకోనంటుంది. రిచర్డ్ మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలతాడు. గెలిచేవాడు ఇలా చేయడు, తండ్రి చేస్తాడు. తర్వాత బుట్టబొమ్మల్లా అలంకరించిన, ఒంటికి రంగులు పూసుకున్న చిన్నపిల్లల్ని చూసి అతనికే భయం వేస్తుంది, తన సిద్ధాంతానికి శరీరం వస్తే ఇలా ఉంటుందని. అతను, డ్వేన్ ఇద్దరూ ఆలివ్‌ని ఆపుదామంటారు. షెరిల్ ఆపనివ్వదు. ఆలివ్ ఈ డాన్సు తాతకి అంకితమని చెబుతుంది, తాత ఎక్కడున్నారని అడిగితే మా బండి డిక్కీలో అంటుంది. రిక్ జేమ్స్ ‘సూపర్ ఫ్రీక్’ మొదలవుతుంది. తాత నేర్పింది క్లబ్బుల్లో బట్టలు విప్పే నాట్యం లాంటిది, పిల్లకి దాని అర్థం తెలియదు. ఆ డాన్సు అప్పటిదాకా మనకి ఒక్క అడుగు కూడా సరిగా చూపించలేదు, తలుపు వెనకో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టో దాచారు. హాలు మండిపడుతుంది. అలంకరించిన చిన్నపిల్లల పోటీని ఇష్టంగా చూసిన జనమే ఇప్పుడు సిగ్గుపడుతున్నారు, ఈ వైరుధ్యాన్ని ఎవరూ నోటితో అనరు. పిల్లని దించేయమంటే రిచర్డ్ స్టేజీ ఎక్కుతాడు. దించడు, పక్కన డాన్సు చేస్తాడు. తర్వాత మిగతావాళ్ళూ ఎక్కుతారు. కిరీటం రాదు. కాలిఫోర్నియాలో ఇక ఏ అందాల పోటీలోనూ పాల్గొనకూడదన్న షరతు మీద పోలీసులు వదిలేస్తారు. మొదట్లో ఆ పిల్ల సంతకం పెట్టిన షరతు ఇలా రద్దయింది.

ఇప్పుడు మీ డ్రాఫ్టుకి. రిచర్డ్ తన తొమ్మిది మెట్లని ఎక్కడా తిట్టుకోడు, తప్పయిపోయిందనడు. మీ తండ్రి పాత్ర చివర్లో ‘నేనే పొరపడ్డాను’ అనే మాట ఎక్కడుందో వెతికి ముందు దాన్ని తీసేయండి. తీశాక అతను మారాడని తెలియట్లేదంటే, లోపం ఆ పేజీలో లేదు, దానికి ముప్పై పేజీల ముందు ఉంటుంది. అక్కడ అతని సిద్ధాంతాన్ని అతనికే ఖర్చయ్యే పనికి వాడించే సీను ఒకటి రాయండి. తర్వాత ఒక్కో పాత్ర పేరు పక్కనా, ఆ సిద్ధాంతంలో వాళ్ళు గెలవాలనుకుంటున్నదేమిటో ఒక వాక్యం రాయండి. తల్లికైనా సరే, రాయలేకపోతే ఆ పాత్ర అరవడం తప్ప ఏం చేయగలదు? ఆ తర్వాతే డైలాగులు ముట్టుకోండి. జోకులు బాగాలేవని ఎవరూ అనలేదు కదా, వాటిని చివరిదాకా అలాగే ఉండనివ్వండి.